బల్లకు ఇవతలి వరస

మా బాపు వానాకాలం మొదట్లో పోయాడు. అది ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఎట్లా పోయాడని అడిగినవాళ్లకు కిడ్నీలు అంటాను. వాళ్లు తల ఊపి ఊరుకుంటారు. మా దిక్కు ఆ ఒక్క మాట చాలు, ఇంకెవరూ వివరం అడగరు. నేను చెప్పాలనుకున్నది ఆయన చావు గురించి కాదు, దానికి ముందటి ఎండాకాలం గురించి. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఒకే ముచ్చట నడిచింది. చర్చిలో బాపుకు రొట్టె ముక్క పెడతారా, పెట్టరా అని.

వినేవాళ్లకు నవ్వు రావచ్చు. మొదట్లో నాకూ నవ్వే వచ్చింది. పండుగ వస్తే పొట్టేలును కోసి వాడకట్టంతా పంచిన మా బాపు, గొల్ల పర్వతాలు, గోరంత ముక్క కోసం చెయ్యి చాపడం ఏమిటని.

మాది హుజూర్‌నగర్ నుంచి కృష్ణా నది దిక్కు పోయే దారిలో ఒక ఊరు. ఆ ఏడు సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదల్లేదు. పొలాలు నెర్రెలిచ్చాయి. గొర్లకు మేత లేక కాటమయ్య చిన్నాయన తన మందలో మా జీవాలనూ కలుపుకొని అమ్రాబాద్ అడవి దిక్కు తోలుకుపోయాడు. నేనూ వెంట పోవాల్సినవాణ్నే. కానీ బాపును రోజు విడిచి రోజు బండి మీద డయాలసిస్‌కు తీసుకుపోయే మనిషి కావాలి. అందుకని ఇంటి దగ్గర ఆగిపోయాను. ఖాళీ దొడ్డి, ఖాళీ మనిషి. అప్పటి నా గురించి అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

చర్చి మా అమ్మ భద్రమ్మది. చాలా ఏళ్ల నుంచి పోతోంది. చర్చి వెనక సిమెంటు తొట్టిలో మునిగి బాప్తిస్మం కూడా తీసుకుంది. అప్పుడు మా గొల్లవాడలో తలా ఒక మాట అన్నారు గానీ బాపు ఏమీ అనలేదు. పోతే పోనీ, ఆదివారం ఒక్కపూటైనా ఇంట్లో పోరు తప్పుతుంది అన్నాడు. అట్లాంటి మనిషి జబ్బు పడ్డాక ఆమె వెనకాలే పోవడం మొదలుపెట్టాడు. మొదట్లో అక్కడి ఫ్యాను కోసం పోతున్నాడనుకున్నాను. కరెంటు పోయినా అది ఇన్వర్టర్ మీద తిరిగేది. తర్వాత ఫ్యాను లేని శనివారం ప్రార్థనకు కూడా పోతుంటే అది కాదని తెలిసింది. ఎప్పుడు నమ్మాడో, ఎందుకు నమ్మాడో చెప్పలేదు. చెప్పే మనిషి కాదు. నేను ఆయన్ని దించి తీసుకువచ్చేవాణ్ని గనుక, బయట ఎండలో నిలబడలేక లోపల చాప మీద కూర్చునేవాణ్ని. అంతవరకే నా భక్తి.

ఆ సంఘంలో పద్ధతులు ఖచ్చితం. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పాస్టరు బిడ్డను ఎత్తుకొని ప్రార్థన చేసి మళ్లీ తల్లి చేతికి ఇచ్చేస్తాడు. బుద్ధి తెలిసినవాళ్లు నమ్మి, ఆ సంగతి అందరి ముందూ నోటితో ఒప్పుకొని, తొట్టిలోకి దిగి నిలువునా మునగాలి. ఒక్క వెంట్రుక పైన తేలినా మళ్లీ ముంచుతారని ఊళ్లో ఎగతాళి చేస్తారు. అట్లా మునిగినవాళ్లకే ప్రతి నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. పాస్టరు భార్య పులియని పిండితో చేసిన రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి పళ్లెంలో పెట్టి, మీద తెల్లగుడ్డ కప్పి తెస్తుంది. ఎండుద్రాక్ష ఉడకబెట్టి తీసిన రసం చిన్న గిన్నెల్లో ఉంటుంది. పాస్టరు వాక్యం చదివి ప్రార్థన చేశాక సంఘపెద్దలు పళ్లెం పట్టుకొని వరసల వెంట తిరుగుతారు. మునగనివాళ్లు వెనక వరసలో కూర్చొని చూస్తారు.

ఈస్టర్ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం నాడు బాపు వెనక వరసలోంచి లేచి, ఒక వరస ముందుకు జరిగి కూర్చున్నాడు. పళ్లెం పట్టుకొని ఐలేశం వస్తున్నాడు. ఐలేశం సంఘపెద్ద, తాపీమేస్త్రీ, మాదిగవాడ మనిషి. బాపు ఈడువాడే. దగ్గరికి రాగానే బాపు కుడిచెయ్యి చాపాడు. ఐలేశం ఆగాడు. పళ్లెం బాపు చేతికి పైన ఒక్క క్షణం అట్లాగే ఉంది. తర్వాత పక్కన ఉన్నాయన ముందుకు పోయింది. బాపు చాపిన చెయ్యిని కొంతసేపు అట్లాగే ఉంచి, తర్వాత మోకాలికి తుడుచుకున్నాడు, అందులో ఏదో అంటినట్టు.

ఇంటికి వచ్చాక అమ్మను అడిగాడు, తనకెందుకు పెట్టలేదని. మునగలేదు గనుక అంది అమ్మ. అయితే మునుగుతానన్నాడు. అమ్మ ఆయన మెడ కింద కట్టు దిక్కు చూసింది. రక్తం తీసి శుభ్రం చేసి ఎక్కించే పైపు కాలర్ ఎముక దగ్గర లోపలికి పోయి ఉండేది. దాని రెండు కొసలు బయట, గుడ్డ కింద. మరునాడు డయాలసిస్ దగ్గర నర్సు ఉష సిస్టర్‌ను అడిగాను, ఒక్కసారి నీళ్లలో మునిగితే ఏమవుతుందని. ఆమె మొదట ఈతకు పోతాడా ఏందని నవ్వింది. సంగతి చెప్పాక నవ్వలేదు. ఆ పైపు తిన్నగా గుండె దాకా పోతుందనీ, అక్కడ తడి తగిలి చీము పడితే రక్తమంతా చెడుతుందనీ, స్నానం కూడా నడుము కింది వరకేననీ చెప్పింది. ఎవరు చెప్పినా, ఏ దేవుడు చెప్పినా ముంచవద్దు అంది. ఆమె చర్చికి పోయే మనిషే. మెడలో సిలువ ఉండేది.

పాస్టరు మా ఇంటికి వచ్చాడు. బైబిల్ స్కూల్లో చదివి వచ్చిన చిన్నవాడు, అందరూ అయ్యగారూ అంటారు. దొడ్డి ముందు మంచం వేశాం. బాపు ఆయన్ని కూర్చోబెట్టి, ఏ మర్యాదలూ లేకుండా నేరుగా అడిగాడు.

"అయ్యగారూ, మునగకుంటే నేను పరలోకం పోనా?"

"అట్లా ఏమీ లేదండి. మనల్ని రక్షించేది నీళ్లు కాదు, విశ్వాసం. బాప్తిస్మం ఆ విశ్వాసానికి సాక్ష్యం మాత్రమే. సిలువ మీద ప్రభువు పక్కన ఉన్న దొంగ ఏ నీళ్లలో మునిగాడు చెప్పండి?"

"గట్లయితే నాకు రొట్టె పెట్టున్రి."

పాస్టరు కొంచెం తడబడ్డాడు. బల్ల సంఘానిదనీ, బాప్తిస్మంతోనే సంఘంలోకి వస్తారనీ, ఆ వరస తప్పకూడదనీ చెప్పాడు. బాపు అంతా విన్నాడు.

"పరలోకంల జాగ ఉన్నది గని మీ వరసల లేదన్నట్టు."

నాకు నవ్వాగలేదు. అమ్మ నా దిక్కు చూసిన చూపుకు లేచి గోడ అవతలికి పోయాను. పాస్టరుకు కోపం రాలేదు. నిజాయితీ గల పిల్లవాడు. కొన్ని సంఘాల్లో తల మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తారనీ, ఇంత జబ్బు మనిషికి అట్లా ఇస్తే తన మనసుకు తప్పుగా తోచడం లేదనీ, అయితే పెద్దలను అడగాలనీ అన్నాడు. తల ఒక్కటీ తడిపి, మెడకు గుడ్డ చుట్టి పోయవచ్చు. ఉష సిస్టర్ కూడా అంతవరకైతే సరే అంది. ఆ వారమంతా బాపు కొంచెం హుషారుగా ఉన్నాడు. పని అయినట్టే అనుకున్నాం.

ఆదివారం కూటం ముగిశాక పెద్దలు రేకుల కింద కూర్చున్నారు. బాపుకు మంచం వేసి, మమ్మల్ని కూడా ఉండమన్నారు. ఇద్దరు పెద్దలు సరేనన్నారు. ముసలివాడు, జబ్బు మనిషి, నీళ్లు పొయ్యండి అన్నారు. ఐలేశం మాట్లాడలేదు. పాస్టరు ఆయన పేరు పెట్టి అడిగాక లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, మీరు సదువుకున్నోళ్లు. పోస్తే చెల్లుతదో లేదో నాకు తెల్వది. నాకు తెలిసింది ఒకటి చెప్త. చిన్నగున్నప్పుడు మా నాయిన వెంబడి గొల్లోళ్ల వాడకు పోయేది. దూపైతే దోసిలి పట్టి వంగేటోళ్లం. చెంబు తగలకుండ మీదికెల్లి పోసేటోళ్లు. గీ పర్వతాలన్న తల్లి గూడ పోసింది. మంచిది ఆమె, కడుపునిండ పోసేది. అయినా మీదికెల్లే పోసింది."

ఆయన గొంతు పెంచలేదు. ఇటుకలు ఎన్ని పడతాయో లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"గా తొట్టి నేను కట్టిన. మాలోడు దిగినా, మాదిగోడు దిగినా, మన భద్రమ్మ దిగినా అవే నీళ్లు. ఒకరు దిగినంక ఒకరు. మధ్యల నీళ్లు మార్చలే. మీదికెల్లి పోసే నీళ్లు మేము సూశినం. గవి ఈడ వద్దు. అందరం మునిగిన దాంట్లనే మునగాలె. లేకుంటే ఆగాలె."

నీళ్లు పోద్దామన్న ఇద్దరు పెద్దలూ తలలు దించుకున్నారు. పాస్టరు పుస్తకం మూసి పట్టుకున్నాడు, తెరవలేదు. నాకు ఒళ్లు మండింది. ఎప్పటిదో మా నాయనమ్మ చేసిన పనికి ఇప్పుడు మెడలో పైపుతో కూర్చున్న మనిషి మీద తీర్చుకుంటాడా అనిపించింది. బాపు లేచి తిట్టి పోతాడనుకున్నాను. ఆ తిట్లు నాకు తెలుసు, మందకు అడ్డం వచ్చిన లారీవాళ్లను తిట్టేవాడు. ఆయన మంచం పట్టె మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచాడు.

"ఐలేశం మాటల న్యాయమున్నది. ఆగుత."

ఇంటికి వస్తూ బండి మీద నా వెనక కూర్చున్నాడు. కల్లు దుకాణం దాటాక, మా అవ్వ మంచిదన్నడు ఐలేశం, ఇన్నవా అని అడిగాడు. విన్నానన్నాను.

ఆగడానికి ఒక దారి ఉంది. ఎడమచేతిలో రెండు నరాలు కలిపి కుట్టే ఆపరేషన్ చేస్తారు. ఆ నరం లావెక్కి గట్టిపడితే దానికే సూదులు గుచ్చి డయాలసిస్ చేయవచ్చు, మెడ కింది పైపు తీసేస్తారు. పైపు పోయాక పుండు మానితే నీళ్లలో మునిగినా ఏమీ కాదు. డాక్టర్లు అప్పటికే చేయించుకోమంటున్నారు, బాపే వాయిదా వేస్తున్నాడు. ఇప్పుడు తానే తొందర పెట్టాడు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో చేయించాం. కుట్లు విప్పాక, నరం ఎదగాలంటే రోజూ రబ్బరు బంతి పిసకాలని చెప్పారు. కిరాణా కొట్లో పిల్లలు ఆడుకునే ఎర్రబంతి ఒకటి కొన్నాను. బాపు పొద్దున లేచింది మొదలు దాన్ని పిసుకుతూనే ఉండేవాడు. ఎవరైనా పలకరిస్తే, గొర్ల పాలు పిండుడు బందైంది, బంతి పాలు పిండుతున్న అనేవాడు.

ఆపరేషన్ చేసిన చోట చెయ్యి పెడితే లోపల సన్నగా గుర్రుమనేది. అగ్గిపెట్టెలో పెట్టిన జీరంగి పురుగు కొట్టుకున్నట్టు. ఆ గుర్రు ఉన్నంతకాలం నరం బతికున్నట్టు అని ఉష సిస్టర్ చెప్పింది. పొద్దున టీ ఇచ్చేటప్పుడు అమ్మ ముందు ఆ చెయ్యి ముట్టుకొని చూసి, తర్వాత గ్లాసు ఇచ్చేది.

ఒక ఆదివారం పొద్దుగూకే వేళ ఐలేశం వచ్చాడు. దొడ్డి ముందు మంచం చివర కూర్చొని, చెయ్యి ఎట్లున్నదని అడిగాడు. బాపు చెయ్యి చాపి, పెట్టి సూడు అన్నాడు. ఐలేశం వెంటనే పెట్టలేదు. సిమెంటు అంటిన అరచేతిని పంచెకు రెండుసార్లు తుడుచుకొని పెట్టాడు. కొంతసేపు కళ్లు మూసుకొని విని, ఉన్నది అన్నాడు. అమ్మ గ్లాసుతో నీళ్లు ఇస్తే తాగి పోయాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే వేళకు వచ్చేవాడు. చెయ్యి చూసేవాడు, నీళ్లు తాగేవాడు, పోయేవాడు. వాళ్లిద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది నేను వినలేదు. వాన ఎప్పుడు పడుతుంది, ఇసుక లారీ ఎందుకు రావడం లేదు, అంతే. నా ఒళ్లు మంట మాత్రం తగ్గలేదు. కాదన్న మనిషే వచ్చి చెయ్యి పట్టుకొని చూడటమేమిటని అమ్మతో అన్నాను. ఆయన కాదనలేదు, ఆగమన్నాడు అంది అమ్మ.

శనివారాలు పాస్టరు బాప్తిస్మానికి ముందు చెప్పే పాఠాలు చెప్పాడు. పాపం ఒప్పుకుంటారా, యేసును సొంత రక్షకునిగా నమ్ముతారా, సంఘానికి లోబడి ఉంటారా అని అడిగేవాడు. బాపు ఔనంటూ పోయేవాడు. కల్లు మానేస్తారా అని అడిగినప్పుడు మాత్రం, కిడ్నీలే ఇడిపిచ్చినయి, కొత్తగ నేనిడిశేది ఏమున్నదయ్యా అన్నాడు. పాస్టరు కూడా నవ్వాడు. ముంచడం అంటే పాత మనిషిని పూడ్చిపెట్టడమని, లేపడం అంటే కొత్త మనిషిగా లేవడమని చెప్పాడు. బాపుకు ఆ మాట నచ్చింది. ఇంటికి వచ్చి నాకు చెప్పాడు కూడా. కానీ నాకు తెలిసినంతవరకు ఆయనకు కావలసింది నీళ్లు కాదు, రొట్టె. బతుకంతా గట్ల మీద, గుట్టల మీద, మందను చూస్తూ ఒక్కడే మూట విప్పుకొని తిన్న మనిషి. అందరూ ఒక్కసారి తింటరు సూడు, ఎవడూ ముందు తినడు, గది బాగుంటది అన్నాడు ఒకసారి. అంతకు మించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నరం బాగా ఎదుగుతోందని, జూన్‌లో పైపు తీయవచ్చని చెప్పారు. పాస్టరు అందుకు తగ్గట్టు ఒక ఆదివారం అనుకున్నాడు. ఐలేశం తొట్టి పగుళ్లకు సిమెంటు పూసి, నీళ్లు నింపి కారుతుందేమో చూశాడు. అమ్మ తెల్లపంచె ఉతికి గంజి పెట్టింది.

మే చివర్లో ఒక రోజు డయాలసిస్ సగంలో బాపుకు బీపీ పడిపోయింది. కాళ్లు పైకెత్తి పడుకోబెట్టి, కొంతసేపటికి సర్దుకున్నాక పంపించారు. రాత్రి మామూలుగానే పడుకున్నాడు. తెల్లవారి అమ్మ టీ తెచ్చింది. చెయ్యి పెట్టింది. తీసి మళ్లీ పెట్టింది. తర్వాత కొంచెం పైకి, మోచేతి దగ్గర పెట్టి చూసింది. గ్లాసు బాపుకు ఇచ్చి వంటింట్లోకి పోయింది. బాపు టీ తాగాడు. ఆయన బంతి కోసం మంచం మీద వెతుక్కుంటుంటే, ఇయ్యాళ వద్దు, జర పండుకో అని లోపలి నుంచి అంది. నాకు అప్పుడు తెలిసింది.

నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఇంకో చేతికి చేయవచ్చు గానీ మనిషి ముందు పుంజుకోవాలన్నారు. పుంజుకుంటాడని ఎవరూ అనలేదు. ఆ తర్వాతి రోజులు నాకు వరసగా గుర్తు లేవు. తీసుకుపోయాను, తీసుకొచ్చాను. బాధగా ఉందా అంటే, ఉందనే అనుకోవాలి. ఏమీ తెలిసేది కాదు. కాటమయ్య చిన్నాయన ఫోన్ చేసి రెండు గొర్లు చచ్చాయని చెప్తే సరేనన్నాను. ఆయన కంగారుపడి, మల్లేశూ, నేను చెప్పేది ఇనవడుతున్నదా అని అడిగాడు. వినబడుతోందనే అన్నాను.

మళ్లీ బల్ల ఆదివారం వచ్చింది. బాపు వస్తానన్నాడు. ఈసారి వెనక వరసలో, నా పక్కనే కూర్చున్నాడు. పళ్లెం వస్తుంటే రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఐలేశం మా దిక్కు చూడలేదు. పళ్లెం మా ముందు వరస దాకా వచ్చి వెనుదిరిగింది. అటు ఆడవాళ్లలో అమ్మ కళ్లు మూసుకొని ముక్కను నమలడం కనిపించింది. అందరూ ఒక్కసారే తిన్నారు. అంత నిశ్శబ్దంలో ఎవరి దవడలు ఆడుతున్నాయో కూడా వినిపించేంత చిన్న చర్చి అది.

ఇంటికి వచ్చి మంచం మీద వాలాక బాపు అన్నాడు.

"గోరంత ముక్క. పెడితే ఏం పోయేది గాయినకు?"

అమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తోంది. విడిచి, అక్కడే నిలబడింది.

"ఎండకాలమంత ఐలేశమన్న మన దొడ్డి కాడికి వచ్చిండు. మంచం మీద కూసున్నడు, నీళ్లు తాగిండు, పోయిండు. ఏ పొద్దన్న తిని పొమ్మన్నవా?"

"నువ్వన్నవా?"

"నేను అనలే. నీళ్లల్ల మునిగి ఇన్నేండ్లాయె, నాకు గూడ నోరు రాలే. గందుకే అడుగుతున్న."

బాపు గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. అమ్మ పొయ్యి ముట్టించుకుంది. నేను దొడ్డిలోకి పోయి ఊరికే నిలబడ్డాను. ఎన్ని పండుగలకు మా ఇంట్లో ఎంతమంది తిన్నారో తలచుకున్నాను. ఆ వాడ మనుషులకు పెట్టలేదా అంటే పెట్టాం. గిన్నెలు తెచ్చుకుంటే నిండుగా వేసి పంపేవాళ్లం.

బాపు తర్వాత పది రోజులైనా లేడు. ఐలేశమే నిలబడి గొయ్యి తవ్వించాడు. మట్టి ఇవ్వడానికి మునిగి ఉండాల్సిన పని లేదన్నాడు. గొల్లవాడ వాళ్లూ వచ్చి తలా పిడికెడు వేసి పోయారు. అది ఎట్లాగూ జరిగేదే. చెప్పుకోవలసింది ఆ బల్ల ఆదివారం సాయంత్రం సంగతి.

పెట్టి చూడటానికి బాపు చేతిలో ఇప్పుడు గుర్రు లేదని ఐలేశానికి తెలుసు. అయినా అదే వేళకు వచ్చాడు. మంచం చివర కూర్చోబోతుంటే బాపు లేచి కూర్చున్నాడు.

"ఈడ కాదు. లోపలికి నడువు. తిని పో."

ఇంటి దగ్గర వండారని, ఇప్పుడు ఆకలి లేదని అన్నాడు ఐలేశం. గాడ గూడ తిను, మా కాడ గూడ తిను అన్నాడు బాపు. నేను పట్టుకోబోతే వద్దని, తానే గోడ పట్టుకొని లోపలికి నడిచాడు. ఐలేశం చెప్పులు వాకిట్లోనే వదిలి, గడప దగ్గర కొంచెం ఆగి, తల వంచి వచ్చాడు. మా ఇంటి గోడలు ఆయన కట్టినవే. ఏ గోడ ఎంత లోతు నుంచి లేచిందో ఆయనకు తెలుసు. కట్టినన్నాళ్లూ లోపల తిరిగాడు. మేము పాలు పొంగించి ఇంట్లో దిగాక ఆయన ఆ గడప దాటడం అదే మొదలు.

అమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. బాపుకు ఉప్పు పడదు గనుక బీరకాయ కూరలో ఉప్పు వేయలేదు. ఐలేశం కోసం వేరే గిన్నెలో ఉప్పు పెట్టింది. ఇద్దరికీ చాప వేసి, ఒకే రకం పళ్లేలు పెట్టింది. ఐలేశం కళ్లు మూసుకొని రెండు మాటల్లో ప్రార్థన చేశాడు. బాపు వేడి రొట్టెను తుంచబోయి ఆగాడు.

"గిది బల్లేనా, ఐలేశం?"

అమ్మ చెయ్యి పిండి మీద ఆగిపోయింది. పెనం మీద రొట్టె కాలుతోంది, తిప్పలేదు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఔనని చెప్పు అని మనసులో అనుకున్నాను. నలుగురమే ఉన్నాం, బయటికి పోదు. ఒక్క మాట. పాస్టరుకు తెలియదు, సంఘానికి తెలియదు. ఔనను.

ఐలేశం పళ్లెం దిక్కు చూశాడు.

"కాదన్నా. గిది నీ ఇంటి రొట్టె."

"ఔనంటవనుకున్న."

"నోటిదాక వచ్చింది. అంటే అబద్దమైతది. నీ ఇంట్ల కూసోని నీకు అబద్దం చెప్పలేను."

బాపు ముఖంలో కోపం కోసం వెతికాను. కనబడలేదు. ఏదీ కనబడలేదు. తల ఒకసారి ఊపాడు, బేరం కుదరని మనిషి ఊపినట్టు. తర్వాత రొట్టెను మధ్యకు తుంచి పెద్ద ముక్క ఐలేశం పళ్లెంలో వేశాడు.

"అయితే తిను. సల్లారితే గట్టివడతది."

ఐలేశం తినడం మొదలుపెట్టాడు. ఉప్పు గిన్నె ముట్టుకోలేదు. అమ్మ మాడిన రొట్టెను పక్కన పెట్టి ఇంకొకటి కొట్టింది. బాపు నెమ్మదిగా నములుతున్నాడు. ఇద్దరూ తల ఎత్తలేదు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆకలేసింది. పళ్లెం తెచ్చుకొని వాళ్ల పక్కన కూర్చున్నాను.